మీకు తెలుసా? వరద సాయం ఎవరి చేతికిస్తే చేరుతుంది

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. తెలిసిన ముఖం కదా అని జనం చేతిలో ఉన్నది జోలెలో వేశారు. ఇప్పుడు ఆ జోలె ఫోన్లోకి వచ్చింది. ముఖానికి బదులు సంస్థ పేరు చూసి ఇస్తున్నాం. పాతకాలం సంస్థ, పెద్ద పేరు అయితే చాలా?

2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్‌కు దాదాపు 50 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. ఐదేళ్లకు పాత్రికేయులు వెళ్లి లెక్క తీస్తే, ఆ సంస్థ కట్టిన శాశ్వత ఇళ్లు ఆరంటే ఆరు! వైద్యానికి, తాత్కాలిక నివాసాలకు కూడా ఖర్చుపెట్టామని సంస్థ జవాబిచ్చింది. అయితే డబ్బు చాలావరకు వేరే సంస్థల ద్వారా వెళ్లింది. చేతులు మారిన ప్రతిచోటా నిర్వహణ ఖర్చంటూ కొంత కోత పడింది.

అలాగని పాతవాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. 2004 సునామీ వచ్చిన వారం రోజులకే, 1971లో పుట్టిన వైద్య సాయం సంస్థ 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' ఏమందో తెలుసా? సునామీకి కావలసినంత వచ్చింది, ఆ పేరుతో ఇక పంపకండి అని. వస్తున్న డబ్బును వద్దనడానికి ఎంత నిబ్బరం కావాలి! నన్నడిగితే సంస్థ వయసు కన్నా ఈ ఒక్క మాటే నమ్మకమైన కొలత.

ఆ సునామీలోనే తమిళనాడుకు లారీల కొద్దీ పాత బట్టలు వెళ్లాయి. బాధితులు వాటిని ముట్టలేదు. అన్నీ పోగొట్టుకున్నా పరువు పోగొట్టుకోలేదు కదా. రోడ్ల పక్కన గుట్టలు పడిన ఆ బట్టలను ఏరి, పనికొచ్చేలా చేసే భారం ఢిల్లీలోని గూంజ్ సంస్థ తలకెత్తుకుంది.

మరి నేరుగా డబ్బే ఇస్తే? 2017లో హార్వీ తుపాను తర్వాత టెక్సాస్‌లోని రోజ్ సిటీ అనే చిన్న ఊళ్లో గివ్‌డైరెక్ట్‌లీ అనే కొత్త సంస్థ కుటుంబానికి 1,500 డాలర్ల చొప్పున డెబిట్ కార్డులు పంచింది. ఏం కొనుక్కోవాలో వాళ్ల ఇష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ప్రభుత్వం కూడా, గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకు 25,000 రూపాయల చొప్పున ఖాతాల్లో వేసింది.

ఫోన్లో పంపేటప్పుడు మాత్రం ఒక్కో అక్షరం చూసుకోండి. 2020లో పీఎం కేర్స్ సహాయ నిధికి నకిలీ యూపీఐ ఐడీ పుట్టుకొచ్చింది. అసలుదానికీ దానికీ తేడా ఒకే ఒక్క 'ఎస్'. పెద్ద పేరు దొంగకు కూడా పనికొస్తుంది.

బుడమేరు నీళ్లు తీశాక విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక ఇంటికి వెళ్లాను. గుమ్మం పక్కన విప్పని పులిహోర పొట్లాలు వాసనొస్తున్నాయి. ఆ ఇంటావిడ గ్యాస్ పొయ్యిని బోర్లించి, బర్నర్లలోని బురదను పిన్నీసుతో తీస్తోంది. ఏమైనా తెచ్చిపెట్టనా అని అడిగాను. "తిండికి లోటు లేదండీ, ఎవరో ఒకరు తెస్తూనే ఉన్నారు. ఈ పొయ్యి వెలిగితే చాలు, మా వంట మేం చేసుకుంటాం" అంది, తలెత్తకుండానే.