పాల వ్యానుకు హెడ్ గ్యాస్కెట్ పోతే

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో పాల వ్యాను దారిలోనే ఆగిపోయింది. నెల రోజులుగా డ్రైవరు రేడియేటరులో రోజూ నీళ్ళు పోస్తున్నాడు. ఎక్కడా కారడం లేదు గదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పూట పాలన్నీ క్యాన్లలోనే విరిగిపోయాయి.

ఇంజను బ్లాకుకూ, సిలిండరు హెడ్డుకూ నడుమ ఉండే పలుచని పొరే హెడ్ గ్యాస్కెట్. మంట, నీరు, ఆయిలు ఒకదానిలో ఒకటి కలవకుండా చూడడం దాని పని. ఇంజను మితిమీరి వేడెక్కితే హెడ్డు వంగి, గ్యాస్కెట్ దెబ్బ తింటుంది.

గుర్తులు ఇవి: బయట కారకుండానే నీళ్ళు తగ్గడం, ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోవడం, రేడియేటరులో బుడగలు రావడం, డిప్ స్టిక్‌పై ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో కనపడడం. ఒక్కటి కనపడినా మెకానికుకు చూపాలి. ఆయిలులో నీరు కలిస్తే బండి నడపరాదు, బేరింగులు పాడవుతాయి. వేడి మీద రేడియేటరు మూత తీయరాదు.

గ్యాస్కెట్ ఒక్కటి మార్చితే చాలదు. హెడ్డు వంగినదేమో స్ట్రెయిట్ ఎడ్జి, ఫీలర్ గేజీలతో చూసి, అవసరమైతే చదును చేయించాలి. బోల్టులను కంపెనీ చెప్పిన వరుసలో, టార్కు రెంచితో విడతలుగా బిగించాలి. ఆయిలు, ఫిల్టరు మార్చాలి. థర్మోస్టాట్, ఫ్యాను బెల్టు, వాటర్ పంపులలో లోపం ఉండి సరిచేయకుంటే కొత్త గ్యాస్కెట్ కూడా నిలువదు.

పాలకు లాక్టోమీటరు పెట్టినట్లే, బండికి రోజూ డిప్ స్టిక్ తీసి చూడాలి. పోసిన నీళ్ళను లాగ్ బుక్కులో వ్రాయించవలసినదిగా సంఘ కార్యదర్శులను కోరుచున్నాము.