ఉప్పునీటి గట్టున ఎండ్రకాయ, తాటిచెట్టున కల్లు

సముద్రాన్ని రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్లుగా మార్చగల సామర్థ్యంతో కట్టిన కర్మాగారం మింజూరు పక్కనే, కాట్టుపళ్లి ఒడ్డున ఉంది. 2010 జులైలో తెరిచిన నాటికి దేశంలో అంతకన్నా పెద్ద ఉప్పునీటి శుద్ధి కర్మాగారం లేదు. చెన్నై దాహం తీర్చేందుకే దీన్ని కట్టారు. మరి మింజూరు వాళ్లకు సెలవు రోజున ఆకలీ దాహమూ నీటి గట్టున కూర్చుని తీర్చుకోవాలనిపిస్తే? గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి, పొన్నేరిలో దిగి, బస్సు పట్టి పళవేర్కాడు చేరాలి. అదే పులికాట్. ఒడ్డున ఉన్న తెలుగువాళ్లకు ప్రళయకావేరి. నీళ్లూ తిండీ తాగుడూ, వీటిలోని 'అతి'లను ఏరిన జాబితా ఇది. మొదలు ఈ సరస్సు నుంచే.

దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికది మొదటి పీట, పులికాట్‌ది రెండోది. ఆటుకు 250 చదరపు కిలోమీటర్లు, పోటుకు 450. రెట్టింపుకు కాస్త తక్కువగా పెరిగి మళ్లీ తగ్గుతుంది! పొడవు 60 కిలోమీటర్లు. వెడల్పు ఒకచోట 17 కిలోమీటర్లు దాటితే, ఇంకోచోట 200 మీటర్లే. సగటు లోతు ఎంతనుకున్నారు? 1 మీటరు. సరస్సులో సింహభాగం ఆంధ్రది, దక్షిణపు కొస తమిళనాడుది. సముద్రం లోపలికి వచ్చే పెద్ద మొగ ఈ కొసనే ఉంది కాబట్టి చేపల రుచి తమదేనని పళవేర్కాడు వాదన.

ఈ తీరపు అతి పొడవైన నీటిదారి బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రలో, 163 తమిళనాడులో. 1806లో చెన్నై నుంచి ఎన్నూరు దాకా పట్టుమని 20 కిలోమీటర్లు కూడా లేకుండా పుట్టింది. 1877-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం అడయారు, కూవం నదుల మధ్య ముక్కను తవ్వారు. ఒకప్పుడు మద్రాసు పడవలు పులికాట్ సరస్సును దాటుకునే ఉత్తరానికి పోయేవి.

పులికాట్‌లో ఎక్కువ కాలం తిష్ఠ వేసిన విదేశీ అతిథులు డచ్చివాళ్లు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు, 1825లో మూట సర్దారు. 200 ఏళ్లకు పైమాటే. సరస్సు గట్టున వాళ్లు పెద్ద ఎత్తున తయారుచేసింది మందే, అయితే అది తుపాకీ మందు. కోట శిథిలమైపోయింది. వాళ్ల శ్మశానం మాత్రం నిలిచింది. గుమ్మానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఇప్పటికీ కాపలా కాస్తున్నాయి.

ఇక పళ్లెం దగ్గరకు వద్దాం. ఇక్కడి రాజు బురద ఎండ్రకాయ. పెంకు అడ్డంగా 28 సెంటీమీటర్ల దాకా, బరువు 3 కిలోలు దాటి కూడా పెరగగల జాతి. అంత పెద్దది గట్టు మీది గిన్నెలోకి రావడం అరుదు. పెద్దవాటిని ప్రాణంతోనే, డెక్కలకు తాడు కట్టి, విమానంలో సింగపూర్ దాకా పంపేస్తారు. మనకు మిగిలేది అరకిలో సైజు. దాన్ని మిరియాలు, వెల్లుల్లి దంచి వేసిన పులుసులో ఉడికించి పెడితే సింగపూర్ మీద అసూయ ఉండదని నా అభిప్రాయం.

డెక్క బలంలో మాత్రం మన రాజు ఓడిపోతాడు. ఆ కిరీటం కొబ్బరి ఎండ్రకాయది. బరువు 4 కిలోలు, కాళ్లు చాపితే ఒక మీటరు, పట్టు 3,300 న్యూటన్లు. అంటే మూడు క్వింటాళ్ల మూట మోపినంత! కాళ్ల పొడవులో విజేత జపాను సాలె ఎండ్రకాయ, ఈ కొస నుంచి ఆ కొసకు 3.7 మీటర్లు. దాన్ని వడ్డించాలంటే బల్లలు రెండు కలపాలి. బరువులో అందరినీ మించినది 1977లో కెనడాలోని నోవా స్కోషియా దగ్గర పట్టుబడ్డ లాబ్‌స్టర్, 20.14 కిలోలు.

రొయ్యల్లో టైగర్ రొయ్యకు సాటి లేదు. 33 సెంటీమీటర్లు, అడుగు దాటిన పొడవు! పులికాట్‌లో ఎక్కువగా చిక్కేది దాని తమ్ముడు తెల్ల రొయ్య. పొడవులో వెనకబడ్డా వేపుడులో ముందుంటాడు.

ఈ సరస్సు మీది పాత నియమావళి 'పాడు'. సరస్సులో ఏ చోట, ఏ రోజు, ఎవరి వల పడాలో జాలరి ఊళ్లు చీటీ వేసి వంతులు తేల్చుకునే పద్ధతి ఇది. మంచి చోటు ఎప్పుడూ ఒకరికే దక్కదు. తరతరాలుగా నడుస్తోంది.

గట్టు మీది అతి పెద్ద తిండిపోతు మనిషి కాదు, ఫ్లెమింగో. మనిషి భుజానికి వచ్చేంత ఎత్తు, తలకిందులుగా ముంచిన ముక్కు, బురదనీళ్లను జల్లెడ పట్టి పురుగూ రొయ్యపిల్లా తీసుకునే నేర్పు. చలికాలంలో వేల సంఖ్యలో దిగుతాయి. వాటి పేరున సూళ్లూరుపేటలో పండుగ కూడా జరుగుతుంది.

తిండి అయింది, మరి తాగుడు? ఇంగ్లండులో నీటి గట్టు పబ్బుకు వెళ్లేవాళ్లు చేపతోపాటు అడిగేది రియల్ ఏల్. పీపాలో ఈస్టు ఇంకా బతికి ఉండాలి, పైనుంచి గ్యాసు కొట్టకూడదు, 11 నుంచి 13 డిగ్రీల చల్లదనం చాలు. పీపాకు కుళాయి బిగించాక మూడు రోజుల్లో ఖాళీ చేయాలి. బతికున్న పానీయానికి మూడు రోజుల ఆయుష్షంటే అక్కడివాళ్లకు మహా తక్కువ.

మన తాటికల్లు ముందు ఆ మూడు రోజులు మూడు యుగాలు! చెట్టు నుంచి కారేటప్పుడు తియ్యటి నీరా. లొట్టిలో చేరిన గంటల్లోనే పులిసి, 4, 5 శాతం మత్తు తెచ్చుకుంటుంది. మర్నాటికి పులుపు ముదిరి వెనిగర్ దారి పడుతుంది. బ్రూవరీ లేదు, మాల్టు లేదు, కరెంటు లేదు. మోకు, ముస్తాదు, కత్తి, గీత కార్మికుడి కాళ్లు చాలు. అతి తక్కువ సరంజామాతో, అతి వేగంగా తయారయ్యే బీరు ఏదంటే నా ఓటు దీనికే.

చెట్టు సంగతి. తాడు (తాటిచెట్టు) 30 మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే పదంతస్తుల మేడ. తాటి జాతుల్లో అతి ఎత్తయినది కొలంబియా మైనపు తాటి, 60 మీటర్లు. మన తాడు మీద తాడు నిలబెట్టినట్టు! విత్తనాల్లో ప్రపంచ విజేత కూడా తాడుకు దాయాదే. సీషెల్స్ దీవుల జంట కొబ్బరి, గింజ 25 కిలోల దాకా తూగుతుంది.

దేశంలో తాటిచెట్లు అత్యధికంగా ఉన్న రాష్ట్రం తమిళనాడు. అక్కడ రాష్ట్ర వృక్షం కూడా తాడే. అక్కడే 1987 నుంచి కల్లు నిషేధం! ప్రభుత్వ సంస్థ టాస్మాక్ దుకాణంలో సీసా బీరు కొనుక్కోవచ్చు, పక్కనున్న చెట్టు నుంచి దిగిన లొట్టి మాత్రం నేరం. ఇంతకన్నా పెద్ద వింత ఈ జాబితాలో లేదు. నిషేధంలో తమిళ గడ్డకు పాత రికార్డూ ఉంది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది, దేశంలో అదే మొదటిది. సరిహద్దు దాటి తడ, సూళ్లూరుపేట వైపు వస్తే ఆంధ్రలో గీత కార్మికుల సహకార సంఘాలకు కల్లు అమ్ముకునే హక్కుంది. ఒకే సరస్సు, రెండు చట్టాలు.

ఇలా విడదీయకుండా చేపనీ కల్లునీ ఒకే పైకప్పు కింద పెట్టిన ఘనత కేరళది. వెంబనాడ్ మన దేశంలో అతి పొడవైన సరస్సు, 96 కిలోమీటర్లు. దాని చుట్టూ కల్లు షాపులు, వాటిలో కల్లుతోపాటు కర్రపెండలం దుంప, కరిమీన్ చేప వేపుడు. నీటి గట్టు పబ్బుకు మన దేశపు అసలైన నమూనా అదే.

పబ్బుల్లో పెద్ద ముసలిదాన్నని చెప్పుకునేది ఐర్లండులో, అత్లోన్ ఊళ్లో, షానన్ నది పక్కనున్న షాన్స్ బార్. తన పుట్టుక క్రీ.శ. 900 అంటుంది. 1970లో మరమ్మతు చేస్తుంటే తడిక గోడలు బయటపడ్డాయి. లండన్‌లో థేమ్స్ గట్టున ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీది సుమారు 1520 నాటి చరిత్ర. అది కృష్ణదేవరాయల కాలం. అప్పుడు పులికాట్ విజయనగర సామ్రాజ్యపు రేవు.

బ్రిటన్‌లో అతి చిన్న పబ్బుగా పేరున్నది ఇంగ్లండులోని నట్‌షెల్. 15 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. 1984లో అందులో 102 మంది, ఒక కుక్క ఇరుక్కుని నిలబడ్డారు. మన లోకల్ రైలు ప్రయాణికులకు ఇదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు. బ్రిటన్‌లో అతి ఎత్తున ఉన్న పబ్బు టాన్ హిల్, సముద్రమట్టానికి 528 మీటర్ల పైన. దాదాపు 18 తాటిచెట్ల ఎత్తు!

రియల్ ఏల్‌ను కాపాడిన ఉద్యమం కూడా సముద్రపు గాలిలోనే పుట్టింది. 1971 మార్చిలో నలుగురు స్నేహితులు ఐర్లండు పశ్చిమ తీరంలో, డన్‌క్విన్ ఊళ్లోని క్రూగర్స్ బార్లో కూర్చుని 'కామ్రా' సంఘం పెట్టారు. తర్వాత అది లక్ష సభ్యత్వం దాటింది.

అతి పాత బీరు ఆనవాళ్లు ఇజ్రాయెల్‌లోని రకెఫెత్ గుహవి, 13,000 ఏళ్ల నాటివి. అతి ఘాటైన వాటిలో ఒకటి స్కాట్లండు స్నేక్ వెనమ్, 67.5 శాతం. మన కల్లుకు పది రెట్లకు పైగా! దాన్ని బీరంటే నేను ఒప్పుకోను.

చాలా దూరం ప్రయాణించిన ఏల్ ఒకటి మన ఒడ్డుకే వచ్చింది. లండన్ నుంచి ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ఓడలో ఊగి మద్రాసు, బొంబాయి, కలకత్తా చేరేది. ఇండియా పేల్ ఏల్ పేరు ఆ వ్యాపారపు గుర్తే. మద్రాసుకు అప్పట్లో హార్బరు లేదు. కెరటాల మీద సరుకును మసూలా పడవల్లో ఒడ్డుకు తెచ్చేది మన తీరపు జాలర్లే.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఫ్లెమింగోలూ తాటికల్లూ ఒకే ప్రయాణంలో కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. చేపలు కొనాలంటే వలలు ఒడ్డుకు చేరే పొద్దుటి పూటే పోవాలి. కల్లు తాగేది సరిహద్దుకు అవతలే. ఒక్క విషయం మాత్రం మరువకండి. సగటున మీటరు లోతే కదా అని ఈ నీళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 2011 క్రిస్మస్ రోజున పళవేర్కాడు దగ్గర విహారపు పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. గట్టు మీదే కూర్చుని తినండి, పడవ షికారు జోలికి పోకండి.