టీకా యొకటి, తీర్పులు రెండు

అత్త కొట్టినది అడుగోటి కుండ, కోడలు కొట్టినది కొత్త కుండ యని మన యిండ్లలో సామెత యొకటి కలదు. 2021వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన ప్రయాణ నిబంధనలను చదివినవారికి ఈ సామెత తలంపునకు రాక మానదు. కోవిడు కాలమునాటి ఆ నిబంధనలు నేడు రద్దయి పోయినవి. కాని యవి నేర్పిన పాఠమును మన దేశీయులు అప్పుడే మఱచుచున్నారు గనుక, ఆ వృత్తాంతమును మఱియొకసారి పాఠకుల యెదుట నుంచుట యావశ్యకమని తోచుచున్నది.

అంతకుముందు బ్రిటను దేశము పరదేశములను ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ యను మూడు రంగులుగ విభజించి, వచ్చువారి నా రంగులను బట్టి యాదరించుటయో, ఆపుటయో చేయుచుండెను. అక్టోబరు 4వ తేదీనుండి ఎఱుపు పట్టికను మాత్రము నిలిపి, తక్కిన ప్రయాణికులను టీకా పూర్తిగ వేసికొనినవారు, వేసికొననివారు అని రెండు తెగలు చేసిరి. మొదటి తెగవారికి దారి సుగమము. రెండవ తెగవారు బయలుదేరుటకు ముందొక పరీక్షయు, చేరిన పిమ్మట 2వ దినమున నొకటియు, 8వ దినమున మఱొకటియు చేయించుకొని, పది దినములు దిగిన యింటిని విడువక యుండవలయును. అంటువ్యాధి ప్రబలినపుడు ప్రతి రాజ్యమును తన వాకిట కావలి పెట్టుకొనుట సహజమే. దాని నెవ్వరును తప్పుపట్టజాలరు. అయితే టీకా వేసికొనినవా డెవడు? ఈ ప్రశ్నకు వారు చెప్పిన సమాధానములోనే చిక్కంతయు నున్నది.

బ్రిటనులోగాని, యూరపు సమాఖ్యలోగాని, అమెరికాలోగాని, ఆస్ట్రేలియా, జపాను, కెనడా, కువైటు, సింగపూరు మున్నగు పదునేడు దేశములలోగాని టీకా పొందినవాడే టీకా పొందినవాడు. ఆ పట్టికలో భారతదేశము లేదు. ఆఫ్రికా ఖండమునందలి దేశ మొక్కటియు లేదు. విజయవాడలో రెండు మోతాదులును వేయించుకొని, తారీఖులతో గూడిన ధ్రువపత్రమును చేతబట్టుకొని విమాన మెక్కినవాడు లండనులో దిగునప్పటికి, చట్టము దృష్టిలో, టీకా వేసికొననివా డయ్యెను!

మన దేశమున నత్యధికముగ వాడబడిన కోవిషీల్డు టీకా పుట్టుక నిచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. దాని రూపకర్తలు ఆక్స్‌ఫర్డు విద్వాంసులు. హక్కు పొందినది ఆస్ట్రాజెనెకా. మనకు తయారుచేసి యిచ్చినది పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూటు. బ్రిటిషు ప్రభుత్వమే స్వయముగ పూనానుండి కోటి మోతాదులు కోరగా, 2021 మార్చి నెలలో 50 లక్షలు ఆ దేశమునకు చేరినవి. వానిని ఆంగ్లేయుల భుజములకు గుచ్చిరి. వారికి సంపూర్ణ రక్షణ కలిగినదని ప్రభుత్వమే లెక్క వ్రాసికొనినది. పూనా కర్మాగారమున నొకే వరుసలో నిలిచిన రెండు సీసాలలో నొకటి ఓడరేవు దాటిన టీకాయై, రెండవది మన యూరిలో నిలిచి నీరైనదా?

వినోద మేమనగా, ఈ యవమానమును ఆంగ్లేయులును కొంత రుచిచూచియే యున్నారు. అదే సంవత్సరము జూలైలో పూనా టీకా వేసికొనిన బ్రిటిషు ప్రయాణికులను మాల్టా ద్వీపమువారు రానీయలేదు. పూనా సరకు యూరపు ఔషధ సంస్థ పట్టికలో లేదని వారి యాక్షేపణ. అప్పుడు బ్రిటిషు ప్రధాని బోరిస్ జాన్సను, ఆ టీకాను గుర్తింపకుండుటకు తనకు కారణమేమియు కనబడుటలేదని పలికెను. మాల్టావారును పిదప దిగివచ్చిరి. జూలైలో లండనుకు కనబడని కారణము సెప్టెంబరులో మన వంతు వచ్చునప్పటి కెట్లు కనబడినదో!

మన ప్రభుత్వ మాక్షేపించెను. విదేశాంగ కార్యదర్శి హర్షవర్ధన శ్రింగలా ఇది పక్షపాత నీతి యని బహిరంగముగ ననెను. మంత్రి జయశంకరు న్యూయార్కులో బ్రిటిషు విదేశాంగ మంత్రిణి లిజ్ ట్రస్సుతో ప్రస్తావించెను. సెప్టెంబరు 22వ తేదీని లండనువారు కోవిషీల్డు పేరును తమ పట్టికలో జేర్చిరి గాని, భారతీయుల నిర్బంధమును తొలగింపలేదు. టీకా మంచిదే, ధ్రువపత్రమే సందేహమని యప్పుడు క్రొత్త వాదము బయలుదేరెను. మన పత్రములో వయస్సుండెను గాని జన్మదిన ముండలేదు. పరదేశములకు పోవువారికి జన్మదినమును గూడ చేర్చి యిచ్చు నేర్పాటును మనవారు చేసిరి. ఈపాటి దిద్దుబాటుకు పది దినముల చెఱ యేల?

ఎట్టకేలకు అక్టోబరు 1వ తేదీని మన ప్రభుత్వము ప్రత్యుత్తర మిచ్చెను. 4వ తేదీనుండి మన దేశమునకు వచ్చు బ్రిటిషు పౌరులు, టీకా వేసికొనినను వేసికొనకున్నను, ప్రయాణమునకు 72 గంటలలోపల నొక ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షయు, విమానాశ్రయమున నొకటియు, 8వ దినమున నొకటియు చేయించుకొని పది దినములు ఏకాంతమున నుండవలయునని శాసించిరి. ఇది వైద్యము కాదు, రాజకీయమని కొందఱు పెద్దమనుష్యులు నొచ్చుకొనిరి. నిజమే, వైద్యము కాదు. టీకా వేసికొనిన ఆంగ్లేయునివలన మన కదనముగ వచ్చు ప్రమాద మేమియు లేదని శాసించినవారికిని తెలియును. వారి తూనికరాళ్లతోనే వారికి తూచి చూపుటయే దాని ప్రయోజనము. అది నెఱవేఱెను. 7వ తేదీని లండను ప్రకటన వెలువడెను. 11వ తేదీనుండి కోవిషీల్డు వేసికొనిన భారతీయులకు నిర్బంధము తొలగెను. 13వ తేదీని మనవారును తమ యాజ్ఞను ఉపసంహరించుకొనిరి. ఈ కొలది దినములలో వైద్యశాస్త్రము అణుమాత్రమును మాఱలేదు.

ఈ మర్యాద మనకు క్రొత్తదియు కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపగా, మఱుసటి సంవత్సరమున రాజ్యములు వెనీసు నగరమున సమావేశమై, మన నౌకలను, మక్కా యాత్రికులను ఎట్లాపవలయునో నిర్ణయించుకొనినవి. అందు మన పేరిట మాటాడినవారిని పంపినది బ్రిటిషు ప్రభుత్వమేగాని మన ప్రజలు కారు. ఆ 1897లోనే, రోగగ్రస్తమని లోకము దూరముగ నుంచిన ఆ బొంబాయిలోనే, హాఫ్కిను పండితుడు ప్లేగు టీకాను సిద్ధపఱచి తన శరీరముపైననే మొదట పరీక్షించుకొనెను.

తెలుగువారి కీ విషయమున ప్రత్యేకమైన బాధ యొకటి కలిగినది. హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలితో గలసి కోవాగ్జిను టీకాను తయారుచేసినపుడు మనము గర్వించితిమి. మన టీకా యని యేరికోరి దానిని వేయించుకొనిన విద్యార్థులు ఆ వేసవిలో అమెరికా విశ్వవిద్యాలయముల లేఖలు చూచుకొని నిశ్చేష్టులైరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో లేని టీకాను అక్కడి పెక్కు విద్యాలయము లంగీకరింపవయ్యెను. కొంద ఱక్కడకు చేరిన పిదప వేఱొక టీకాను మొదటినుండి వేయించుకొనవలసివచ్చెను. కోవిషీల్డు వేసికొనినవారి చిక్కు మఱొకటి. రెండు మోతాదుల నడుమ 12 నుండి 16 వారములు గడువవలెనని మే నెలలో మన ప్రభుత్వము నియమించినందున, వారికి ప్రయాణకాలము దాటిపోవునట్లుండెను. జూన్ 7వ తేదీని, పరదేశములకు పోవు విద్యార్థులకును ఉద్యోగులకును 28 దినముల పిమ్మట రెండవ మోతా దిచ్చుటకు సెలవిచ్చిరి.

ఇందు మన దోషమును దాచుకొనుట తగదు. కోవాగ్జినునకు 2021 జనవరి 3వ తేదీని అనుమతి యిచ్చునప్పటికి మూడవ దశ పరీక్షల ఫలితములు రాలేదు. 25,800 మందిపై జరిగిన ఆ పరీక్షలలో టీకా సామర్థ్యము నూటికి 77.8 అని తేలినది జూలైలో. సరకు మంచిదేయని తుదకు తేలినది. కాని తూకము కాకముందే ముద్ర వేసిన బస్తాను చూచి కొనువాడు సంశయించుట వింతకాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబరు 3వ తేదీని దానికి అంగీకార మిచ్చెను. ఆస్ట్రేలియా రెండు దినములు ముందే యిచ్చెను. బ్రిటను ఆ నెల 22వ తేదీనుండి గుర్తించెను. జనవరిలో కొన్నివారము లోర్చియుండినచో, మన విద్యార్థులకు వేసవిలో ఇంత కష్టము కలుగకపోయెడిదేమో.

ఆఫ్రికావారి యెడల మనము చేసినదియు స్మరింపదగినదే. 2021 సెప్టెంబరు చివరకు ఆ ఖండమున పూర్తిగ టీకా పొందినవారు నూటికి ఐదుగురైనను లేరు. వారికి టీకా దొరకకపోవుటకు పెక్కు కారణము లుండెను. మార్చి మొదలు శరత్కాలమువఱకు మన దేశమునుండి ఎగుమతులు నిలిచిపోవుట వానిలో నొకటి. రెండవ తరంగమున మన శ్మశానములు నిండిపోయినపుడు మన టీకాను మనకే నిలుపుకొంటిమి. అది తప్పని యనుట కష్టము. కాని పూనా సీసాలకై యెదురుచూచుచుండిన దేశములు దానివలన రిక్తహస్తములైనవి. ఒకని కన్నము దొరకకుండ జేసి, భోజనము చేయలేదని పంక్తినుండి లేపుట యెట్టిదో, టీకా యందని దేశపు ప్రయాణికుని టీకా లేదని యాపుటయు నట్టిదే. నవంబరు 24వ తేదీని దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ఓమిక్రాను జాడను నిజాయితీతో లోకమునకు తెలుపగా వారికి దక్కిన బహుమాన మేమి? 29వ తేదీనుండి అమెరికా, తన పౌరులను మినహాయించి, ఆ ప్రాంతపు ఎనిమిది దేశములనుండి వచ్చువారికి, టీకా వేసికొనినవారికి సయితము, తలుపు మూసెను.

ఈ నియమము లొక్కొక్క దేశమున నొక్కొక్కప్పుడు పోయినవి. బ్రిటను 2022 మార్చి 18వ తేదీని, ఆస్ట్రేలియా ఆ జూలైలో, కెనడా అక్టోబరు 1వ తేదీని, జపాను 2023 ఏప్రిలులో ఎత్తివేసినవి. అమెరికా 2023 మే 11వ తేదీవఱకు పట్టినపట్టు విడువలేదు. టీకా లేని స్వదేశీయులు యథేచ్ఛగ తిరిగి వచ్చుచుండ, టీకా లేని పరదేశీయుడు మాత్రమే విమాన మెక్కరాదనుటలో వైద్యమెంతయో, అలవాటెంతయో చెప్పుట కష్టము. టెన్నిసు వీరుడు జొకోవిచ్చును 2022 జనవరిలో ఆస్ట్రేలియానుండి వెడలగొట్టిన సంగతి లోకమంతయు ఎఱుగును. అతడు కోరి టీకా వేసికొననివాడు. రెండు టీకాలు వేసికొనియు కాగితము చెల్లక నిలిచిపోయినవారిని గూర్చి పత్రికలలో రెండు పంక్తులకంటె ఎక్కువ రాలేదు.

టీకా పత్ర మడుగుటయే అన్యాయమని మా యభిప్రాయము కాదు. పచ్చజ్వరము గల దేశములనుండి పత్రము లేక వచ్చువారిని మనమును ఆరు దినములవఱకు ఆపి యుంచుచున్నాము. ఆ దోమ మనకు గలదు, ఆ వ్యాధి లేదు. కావున ఆ జాగ్రత్త యుచితమే. కాని యందు పద్ధతి యొకటి కలదు. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ననుసరించి పత్రమున కొక్కటే నమూనా, టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ యంగీకారము, వేసిన పదవ దినమునుండి చెల్లుబాటు. సూది గ్రుచ్చినది నైజీరియాలోనా, ఫ్రాన్సులోనా యని యెవ్వరు నడుగరు. కోవిడు విషయమున నట్టి యొప్పందము లేదు. పైగా, ప్రవేశమునకు టీకా ఋజువు కోరవలదని ఆ సంస్థ యత్యవసర సమితి 2021 జనవరిలో చెప్పిన మాటను రాజ్యములు పెడచెవిని బెట్టినవి.

2024లో సవరింపబడిన ఆరోగ్య నిబంధనలు 2025 సెప్టెంబరు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. పత్రము కాగితముపై నుండినను, విద్యుత్పరికరములలో నుండినను చెల్లుటకు వానిలో నేర్పాటు గలదు. పత్రము సంగతి యట్లుండగా, క్రొత్త వ్యాధికి క్రొత్త టీకా పుట్టిన మొదటి మాసములలో ఎవరి టీకాను ఎవ రంగీకరింతురను సంగతి యేమి? 2022 ఫిబ్రవరి నాటికి మన ప్రభుత్వము 80కి పైగా దేశములతో పరస్పరాంగీకారము కుదుర్చుకొనెను గాని, అవి కోవిడు టీకాలను గూర్చినవి. రాబోవు టీకాకు మూడవ దశ ఫలితములు ప్రకటించిన పిదపనే అనుమతి యిత్తురా, అట్టి యంగీకారములను శాంతికాలముననే కుదుర్చుకొందురా యని తెలుగు సీమనుండి వెళ్లిన పార్లమెంటు సభ్యులు ప్రభుత్వమును సూటిగ నడుగవలయును. ఆ సమాధానము వ్రాతమూలకముగ సభలో నుంచబడవలయును.