మూసే ముందు అడిగే ప్రశ్న

అశోక్ చౌక్ చుట్టుపట్ల మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవారికి జకార్డు అట్టల సంగతి వేరే చెప్పనక్కర లేదు. చాదరు మీద నెమలి కావాలన్నా, పువ్వు కావాలన్నా, మొదట గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు నింపి, దానిని చూసి అట్టలకు చిల్లులు కొట్టేవారు. పేకలో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ పట్టణవాసి జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన ఈ ఏర్పాటును చూచే, ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడదలచాడు. ఆ లెక్కన నేటి కంప్యూటరుకు మన మగ్గం మేనత్త వరుస అవుతుంది!

ఇప్పుడు ఆ గళ్ళ కాగితం పని చాలావరకు తెర మీదికి వచ్చింది. బొమ్మలు దిద్దే సాధనాలలో 1990లో వెలువడిన ఫోటోషాప్ పేరు అందరూ విన్నదే. 1996లో వచ్చిన గింప్ ఉచితంగా దొరుకుతుంది. మన పిల్లలు పలువురు వీటితో చాదర్లకూ తువ్వాళ్ళకూ నమూనాలు గీస్తున్నారు. పెళ్ళి పత్రికలు వేస్తున్నారు. పాత ఫోటోలు బాగుచేస్తున్నారు. పని ముగించి కిటికీ మూయబోగానే సాధనం ఒక ప్రశ్న వేస్తుంది: మార్పులు భద్రపరచాలా? కింద మూడు మీటలు ఉంటాయి: యస్, నో, క్యాన్సిల్. భోజనానికి వేళయింది, కరెంటు పోయేటట్టుంది, యజమాని పిలుస్తున్నాడు. చేతికందిన మీట నొక్కి లేచిపోతాం. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలిస్తే జవాబు సులువు. ఫైలు తెరచినప్పుడు అసలు ఫైలు డిస్కు మీద ఉన్నచోటనే ఉంటుంది. దాని నకలు ఒకటి యంత్రం జ్ఞాపకంలోకి వస్తుంది. మనం రంగులు మార్చినా, కొలతలు తగ్గించినా, చెరిపినా, అంతా ఆ నకలు మీదనే. పలక మీద సుద్దముక్కతో దిద్దినట్టన్నమాట. అట్టకు చిల్లు కొడితే కొట్టినట్టే. పలక మీది గీత అట్లా కాదు, తుడిస్తే పోతుంది. కనుకనే సాధనం తలుపు వేసే ముందు అడుగుతుంది: ఈ పలక మీదిది అసలు కాగితం మీదికి ఎక్కించనా, తుడిచివేయనా అని.

నో అన్నామా, చివరిసారి భద్రపరచిన తరువాత చేసిన పని అంతా పోతుంది. పొద్దుటి నుంచి ఒక్కసారీ భద్రపరచకపోతే పొద్దుటి నుంచి చేసినదంతా పోయినట్టే. మూసిన తరువాత వెనక్కు తీసుకునే కంట్రోల్-జెడ్ కూడా పనిచేయదు. ఫోటోషాప్‌లో 2012 నుంచి దానంతట అదే కొన్ని నిమిషాలకొకసారి దాచుకునే ఏర్పాటున్నది గదా అని కొందరి ధీమా. అది కరెంటు పోయినప్పుడు, యంత్రం ఆగిపోయినప్పుడు ఆదుకోవడానికి. మనమే నో అని చెప్పి మూసినదానిని తెచ్చిపెట్టడానికి కాదు.

ఇంత విన్నాక, ఎప్పుడూ యస్ అంటే సరిపోతుంది గదా అని తోచవచ్చు. పెద్ద నష్టాలు అక్కడే ఉన్నాయి. తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువుకు షోలాపురం చేరిన తాతగారి ఫోటో ఇంట్లో ఒక్కటే ఉన్నదనుకోండి. దానిని పెద్ద సైజులో స్కాను చేయించి దాచారు. కాగితపు ఫోటో కాలక్రమాన చెదలు పాలయింది. ఒకనాడు బంధువులకు ఫోనులో పంపడానికి మనవడు ఆ ఫైలు తెరచి, కొలత బాగా తగ్గించి, పంపించి, మూయబోయాడు. ప్రశ్న వచ్చింది. మంచిదే గదా అని యస్ నొక్కాడు. ఆ క్షణాన పెద్ద బొమ్మ స్థానంలో చిన్న బొమ్మ కూర్చుంటుంది. గోడకు కట్టించాలని తరువాత పెద్దది చేయిస్తే తాతగారి కళ్ళు మసక మచ్చలుగా కనబడతాయి. నో అన్నవాడికి ఆనాటి పని పోతుంది. చూడకుండా యస్ అన్నవాడికి ఏనాటిదో పోవచ్చు.

మూడవ మీట క్యాన్సిల్. ఇది నొక్కితే చేసినదంతా రద్దవుతుందని చాలామంది భయం. నిజానికి రద్దయ్యేది మూయడం ఒక్కటే. బొమ్మ ఉన్నది ఉన్నట్టే తెర మీద నిలుస్తుంది. కనుక ఏమి నొక్కాలో తోచనప్పుడు నొక్కదగినది ఇదే. ఆ తరువాత తీరికగా సేవ్ యాజ్ అనే ఆజ్ఞతో, అంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి, కొత్త పేరు పెట్టి భద్రపరిస్తే పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది.

మరి మనమేమీ మార్చకపోయినా ఒక్కొక్కప్పుడు ఈ ప్రశ్న వస్తుందే! పొర ఒకటి కాసేపు కనబడకుండా చేసి చూసినా, తెరచేటప్పుడు రంగుల పద్ధతి ఏదైనా తగిలించినా, సాధనం దానిని మార్పుగానే లెక్క వేస్తుంది. ఫైలు పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనబడిందంటే భద్రపరచని మార్పు ఉన్నదని అర్థం. ఊరికే చూడడానికి తెరచిన ఫైలైతే నో అనడమే మేలు.

గింప్ వాడేవారికి మరొక విచిత్రం ఎదురవుతుంది. బొమ్మను జేపెగ్‌గానో పీఎన్‌జీగానో ఇప్పుడే పంపించాం గదా, మళ్ళీ భద్రపరచలేదంటుందేమిటి అని విసుక్కుంటారు. 2012లో వచ్చిన 2.8 కూర్పు నుంచి గింప్ ఈ రెండు పనులనూ వేరు చేసింది. సేవ్ అంటే పొరలతో సహా తన సొంత ఎక్స్‌సీఎఫ్ రూపంలో దాచడం. ఎక్స్‌పోర్ట్ అంటే బయటివారికి ఇచ్చే నకలు తీయడం. బట్ట అమ్మినంత మాత్రాన నమూనా దాచినట్టు కాదు గదా! రేపు గిరాకీదారు వచ్చి నెమలి మెడ రంగు మార్చమంటే, పొరలున్న ఫైలు ఉన్నవాడు కొద్దిసేపట్లో మార్చి ఇస్తాడు. లేనివాడు మొదటి నుంచి గీయాలి. ఫోటోషాప్‌లోనూ పీఎస్‌డీ ఫైలుకు ఇదే మర్యాద.

నేత నమూనాల విషయంలో జాగ్రత్త ఇంకొకటి ఉన్నది. నమూనాలో ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గడి. రంగులు లెక్కకు ఆరు అంటే ఆరే ఉండాలి. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్ పద్ధతి బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్ళుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఫోటోకు అది చెల్లుతుంది. నమూనాకైతే ఎరుపు, తెలుపు కలిసే అంచున ఎవరూ అడగని గులాబి చుక్కలు పుడతాయి. అట్టలు తయారుచేసే యంత్రానికి అవన్నీ కొత్త రంగులే! ఇటువంటి ఫైలును బీఎంపీగానో పీఎన్‌జీగానో దాచాలి. మూసేటప్పుడు అడిగిన ప్రశ్నకు యస్ అనే ముందు ఫైలు పేరు చివర ఏమున్నదో ఒకసారి చూడడం ఇందుకే.

పది ఫైళ్ళు ఒక్కసారే మూసేవారికి ఫోటోషాప్ అన్నిటికీ ఒకే జవాబు వర్తింపజేసే చిన్న గడి చూపుతుంది. ఆ గడిలో గుర్తు పెట్టేముందు పదింటికీ ఆ జవాబు సరిపోతుందా అని ఆలోచించుకోవాలి. ఒక్క ఫైలుకు వేరే జవాబు కావలసి ఉన్నా, గుర్తు పెట్టకుండా ఒక్కొక్కటే మూయడం మేలు.

అసలు ఉపాయం ఏమంటే, ఈ ప్రశ్న వచ్చేదాకా ఆగకపోవడం. ఫైలు తెరచీ తెరవగానే, ఏ రంగూ ముట్టుకోకముందే, కొత్త పేరుతో ఒక నకలు దాచుకోవాలి: నెమలి 1, నెమలి 2, నెమలి 3 అని. పని సాగుతుండగా కండె మార్చినప్పుడల్లా అన్నట్టు కంట్రోల్-ఎస్ నొక్కుతుండాలి. అసలు ఫైళ్ళు వేరే డిస్కు మీద ఒక జత ఉంచాలి. ఇంత అలవాటయితే సాయంత్రం ఏ మీట నొక్కినా కొంప మునగదు.

మన పెద్దలు వాడిన అట్టలను కట్టలు కట్టి, ఏ చాదరువో గుర్తు రాసి, అటక మీద పెట్టేవారు. నేడు అటక డిస్కు అయింది, కట్ట ఫైలు అయింది. గుర్తు రాయవలసిన పని మాత్రం ఇంకా మనదే. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలకు ఈ మూడు మీటల అర్థం ఈ వారంలోనే చెప్పండి. తాతగారి ఫోటో ఉన్న ఫైలుకు మాత్రం ఈ రాత్రే ఒక నకలు తీయించండి.