మోటారు సైకిలు ఊపిరి: ఎయిర్ ఫిల్టరును మార్చవచ్చునా?

బోధను ప్రాంతపువారికి వడపోత యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. 1937వ సంవత్సరమున స్థాపింపబడి 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగరు ఫ్యాక్టరీ శక్కర్‌నగరులో నడుచుచుండిన కాలమున, చెరకు రసమును చిక్కగా మరిగించుటకు ముందు సున్నము కలిపి తేర్చి, అడుగునకు దిగిన మడ్డిని వడపోసి వేరు చేయుచుండెడివారు. ఆ మడ్డినే రైతులు ప్రెస్‌మడ్ అని పిలిచి పొలములకు ఎరువుగా తోలుకొనెడివారు. వడపోత రసమును కొంత నిదానింపజేయుట నిజమే. అందుచేత పెద్ద రంధ్రములు గల గుడ్డను కట్టినచో రసము వేగముగా పారును గాని చక్కెర చెడును. వడపోతకు విలువ అది పోనిచ్చుదానిని బట్టి గాక, ఆపుదానిని బట్టి యేర్పడును.

ఇంత తేటగా తెలిసిన విషయమును మోటారు సైకిలు కొన్న పిమ్మట మనలో పలువురు మరచుచున్నారు. నిజామాబాదు పట్టణములోను, బోధనులోను కొందరు యువకులు కంపెనీవారు అమర్చిన ఎయిర్ ఫిల్టరును తీసివేయించి, దాని స్థానమున శంకువు ఆకారము గల బయటి ఫిల్టరును బిగించుకొనుచున్నారు. పికప్ పెరుగుననియు, మైలేజి హెచ్చుననియు, బండికి గంభీరమైన ధ్వని వచ్చుననియు వారి నమ్మకము. ఈ నమ్మకములో నెంత నిజము గలదో, మన రోడ్లకు ఏది తగునో విచారించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థులకు గేర్ల బండి నడుపుటకు చట్టము అనుమతి నీయదు. అయినను యంత్రమును గూర్చి తెలిసికొనుటకు గాని, ఇంటి పెద్దలకు సరియైన మాట చెప్పుటకు గాని వయస్సు అడ్డు గాదు.

మొదట ఇంజను ఎంత గాలి పీల్చునో చూతము. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. లీటరు పెట్రోలు తూకము ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ. అది మండుటకు దాదాపు 11 కిలోల గాలి, అనగా సుమారు 9,000 లీటర్ల గాలి కావలసియుండును. నిజామాబాదు నుండి బోధనునకు సుమారు 25 కిలోమీటర్ల దూరము. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు బండిపై ఒకరు పోయి వచ్చినచో, ఆ ఇంజను 200 లీటర్ల డ్రమ్ములు 45 నిండునంత గాలిని పీల్చియుండును. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీల్చును గనుక, నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునపుడు 2,500 మారులు ఊపిరి తీయును. విశ్రాంతిగా నున్న మనుష్యుడు నిమిషమునకు ఇరువది మారులకు మించి ఊపిరి తీయడు.

ఆ గాలిలో ఏమున్నది? జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధనునకు పోవు దారిని తలచుకొనుడు. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింద ఒకప్పుడు చెరకు విరివిగా పండిన పొలములలో నేడు వరియే ఎక్కువ. వానకాలపు కోతలందును, యాసంగి కోతలందును హార్వెస్టరులు లేపు పొట్టు, రోడ్డు ప్రక్క ఆరబోసిన వడ్ల నుండి లేచు నూగు, ట్రాక్టరు చక్రములు పొలముల నుండి మోసికొని వచ్చు మన్ను గాలిలో కలియును. నల్లరేగడి ఎండి పొడియగును. చల్క నేలలలో ఇసుక పాలు హెచ్చు. వేసవి వడగాడ్పులో ఒక లారీ ముందు పోయినచో వెనుక వచ్చువాని కన్నులకు దారి కానరాదు. మా ప్రాంతమున దుబ్బ యని పిలుచు ఈ దుమ్మునే ఇంజను కూడ పీల్చవలసియున్నది.

దుమ్ములో పొట్టు, నూగు వంటివి లోనికి పోయినను మంటలో కాలిపోవును. ఇసుక కాలదు. ఇసుకలో ముఖ్యమైనది పలుగురాతి పొడి. పలుగురాయి అద్దమును సహితము గీయగలిగినంత గట్టిది. పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమ నుండు నూనె పొర కొద్ది మైక్రానుల మందము మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక సుమారు 70 మైక్రానుల లావుండును. కంటికి కనబడని సన్నని ఇసుక కణము ఆ నూనె పొరలో చేరి ఆకురాయివలె గోడను అరగదీయును. క్రమముగా రింగుల ప్రక్కగా నూనె పైకెక్కి కాలి నీలిపొగ వచ్చును, ఇంజను ఆయిలు తగ్గుచుండును, బలము సన్నగిల్లును. అప్పుడు మెకానిక్కు చూచి "ఇంజను బోరుకు వచ్చినది" అనును.

ఈ కీడును తప్పించుటకే కంపెనీవారు సీటు క్రిందనో, ప్రక్క మూతలోనో ఒక పెట్టె నమర్చి అందులో ఫిల్టరు నుంచుదురు. నేటి బండ్లలో చాలవరకు అది మడతలు మడతలుగా నున్న కాగితము. మడతలు పెట్టుటచే చిన్న పెట్టెలో పెద్ద వైశాల్యము ఇముడును. గాలి సులభముగా పోవుటకు అదియే ఉపాయము. కొన్ని బండ్లలో నూనె పట్టించిన కాగితమును, కొన్నింటిలో నూనె పట్టించిన స్పాంజిని వాడుదురు. బయటి ఫిల్టరులలో మిక్కిలి పేరుపొందినది నూనె పట్టించిన నూలు జాలి. అమెరికాలోని కే అండ్ ఎన్ సంస్థ దీనిని ప్రసిద్ధికి తెచ్చినది. నూలు దారముల నడుమ సందులు పెద్దవి గనుక అందలి నూనె జిగటయే దుమ్మును పట్టవలెను. పాత ట్రాక్టరుల నూనె గిన్నె ఫిల్టరు నెరిగిన రైతునకు ఈ జిగట పని క్రొత్త గాదు.

ఇక పికప్ మాట. ఫిల్టరు గాలిని కొంత అడ్డగించును. అడ్డు తగ్గినచో గాలి ఎక్కువ పోవును. గాలి ఎక్కువైనచో బలము పెరుగునని వాదము. వినుటకు సరిగానే యున్నది. కాని ఇంజనులోనికి పోవు గాలిని ముఖ్యముగా అడ్డగించునది ఫిల్టరు గాదు, మన చేతిలోని యాక్సిలరేటరు. దానిని త్రిప్పునపుడు లోపలి కవాటము తెరచుకొనును. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఆ కవాటము కొద్దిగా మాత్రమే తెరచియుండును. ద్వారము సగము మూసియున్న ఇంటిలో వీధి గేటును వెడల్పు చేసినంత మాత్రమున జనము ఎక్కువ రారు గదా! యాక్సిలరేటరును పూర్తిగా త్రిప్పినపుడే ఫిల్టరు అడ్డు లెక్కకు వచ్చును. ఊరూరికి స్పీడు బ్రేకరులు, ఎదురుగా ట్రాక్టరులు గల మన దారులలో అట్లు త్రిప్పు అవకాశము ఎంతసేపు? శుభ్రమైన కంపెనీ ఫిల్టరు కలిగించు అడ్డే స్వల్పము. దానిని తీసివేసిన లాభము అంతకన్న స్వల్పము.

మరియొక చిక్కు గలదు. గాలి ఎక్కువైనచో దానికి తగిన పెట్రోలు కూడ కలియవలెను. కార్బురేటరు గల పాత బండ్లలో ఫిల్టరును మార్చి మెయిన్ జెట్టును మార్చనిచో మిశ్రమము పలుచనగును. ఇంజను వేడెక్కును, ఈడ్పులో తడబడును. జెట్టును పెద్దది చేసినచో పెట్రోలు ఖర్చు పెరుగును. మైలేజి ఆశ అక్కడితో సరి. 2020 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న భారత్ స్టేజి 6 ప్రమాణముల బండ్లలో పెట్రోలును ఇంజెక్షను పద్ధతిని కొలిచి పంపుదురు. పొగగొట్టములోని సెన్సారు ప్రాణవాయువును కనిపెట్టి, సామాన్య వేగములో మిశ్రమమును తిరిగి మునుపటి పాలునకే తెచ్చును. అట్టి బండిలో నిత్యపు నడకకు ఫిల్టరు మార్పువలన చెప్పుకోదగిన భేద ముండదు.

అయినను మార్చినవారు "బండి మారిపోయినది" అని చెప్పుట ఏల? ఫిల్టరు పెట్టె వడపోతకు మాత్రమే గాక, గాలి పీల్చు ధ్వనిని అణచుటకు కూడ ఏర్పడినది. పెట్టె తీసివేసి శంకువును బిగించినచో ఆ ధ్వని బయటికి వచ్చును. చెవి విన్న హోరును మనస్సు బలమని లెక్కించును. పైగా మురికి పట్టిన పాత ఫిల్టరును తీసి క్రొత్తది పెట్టునపుడు ఏ ఫిల్టరైనను మేలుగానే తోచును. కంపెనీ ఫిల్టరునే క్రొత్తది వేసియున్నను ఆ మేలే కలిగియుండును. ధ్వని, పొగల ప్రమాణములను మీరిన బండిని నడుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము శిక్షార్హమని కూడ జ్ఞాపక ముంచుకొనవలెను.

ఇప్పుడొక చిన్న లెక్క. నూరు పాళ్ల దుమ్ములో ఒక ఫిల్టరు 99 పాళ్లను ఆపుననుకొందము. మరియొకటి 98 పాళ్లను ఆపుననుకొందము. చూచుటకు భేదము ఒక్క పాలే. కాని ఇంజను తినునది ఆగిన దుమ్మును గాదు, ఆగని దుమ్మును. మొదటి దానిలో పోయినది ఒక పాలు. రెండవ దానిలో రెండు పాళ్లు. ఇంజనునకు చేరు ఇసుక రెట్టింపైనది! ఫిల్టరులను పరీక్షించుటకు ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు. అందులో తూచిన దుమ్మును గాలిలో కలిపి పంపి, ఎంత ఆగెనో, ఎంత అడ్డు కలిగెనో కొలుతురు. అట్టి కొలత చూపలేని అంగడి సరకును "గాలి బాగుగా పోవును" అను మాట మీద మాత్రమే కొనుట తెలివి గాదు. గాలి మిక్కిలి బాగుగా పోవునది అసలు ఫిల్టరే లేని గొట్టము.

బయటి ఫిల్టరు సర్వవిధముల చెడ్డదని మేము చెప్పుట లేదు. పందెపు బండ్లలో ఇంజనును తరచుగా విప్పి బాగుచేయుదురు. అక్కడ కొద్ది బలమే గెలుపు గావచ్చును. ఎగ్జాస్టు, క్యాము మొదలగువానిని మార్చి ఇంజనునే తిరిగి దిద్దినవారికి అది అవసరమగును. రాజ్‌దూత్ వంటి తయారీ నిలిచిన బండ్లకు అసలు ఫిల్టరు దొరకనిచో వేరొకటి వెదకక తప్పదు. నూలు జాలిని కడిగి మరల మరల వాడవచ్చుననుటయు నిజమే. కాని దానిని ప్రత్యేకమైన మందుతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, సమముగా నూనె పట్టింపవలెను. నూనె చాలనిచో ఇసుక పోవును. ఈ శ్రద్ధ చూపగలవాడు కాగితపు ఫిల్టరును వేళకు మార్చు శ్రద్ధను ఇంకను సులభముగా చూపగలడు.

ఖర్చు సంగతియు చూతము. సామాన్యమైన వంద సి.సి. బండికి కంపెనీ ఫిల్టరు కొన్ని వందల రూపాయలలో వచ్చును. పేరుపొందిన విదేశపు ఫిల్టరునకు వేలు కావలెను. ఇంజను బోరుకు వచ్చినచో మరికొన్ని వేలు. మన విద్యార్థుల ఇండ్లలో చాలవరకు మోటారు సైకిలు విలాసవస్తువు గాదు. పాల క్యానులు మోయునది, కూరగాయల మూటను అంగడికి చేర్చునది, తండ్రిని పనికి, తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవునది అదియే. అది పది దినములు షెడ్డులో పడియున్నచో ఇంటి రాబడి పది దినములు తగ్గును. హోరు కొరకు ఇంటి కూటిని పణముగా నొడ్డుట తగునా యని యువకులు ఆలోచింపవలెను.

కావున మా సలహా ఇది. కంపెనీ ఫిల్టరునే ఉంచుడు. దానిని వేళకు మార్చుడు. బండితో నిచ్చిన పుస్తకములో చెప్పిన దూరము మంచి రోడ్లకు. దుమ్ము దారులలో తిరుగువారు అంతకు ముందే చూపించుకొనవలెను. నూనె పట్టించిన కాగితమును గాలి కొట్టి శుభ్రపరుపరాదు, మార్చనే వలెను. స్పాంజిని పుస్తకములో చెప్పినట్లు కడిగి, ఆరబెట్టి, నూనె పట్టింపవలెను. పెట్టె మూతకు రబ్బరు వాషరు సరిగా కూర్చుండినదో లేదో చూడవలెను. ప్రక్క సందు నుండి దుమ్ము పోవుచున్నచో ఎంత మంచి ఫిల్టరైనను వ్యర్థము. నకిలీ సరకు కలదు గనుక నమ్మకమైన అంగడిలోనే కొనవలెను.

విద్యార్థులు ఇంటివద్ద ఒక పరీక్షను చేయించవచ్చును. సర్వీసు సమయమున ఇంజను ఆపి చల్లారిన పిమ్మట, ఫిల్టరు దాటి ఇంజను వైపున నున్న గొట్టము లోపలి భాగమును మెకానిక్కు చేత తెల్లని గుడ్డతో తుడిపింపుడు. గుడ్డ శుభ్రముగా నున్నచో వడపోత తన పని చేయుచున్నది. వ్రేళ్ల నడుమ గరగరలాడు మన్ను అంటినచో, ఆ ఫిల్టరు కంపెనీదైనను బయటిదైనను, ఇసుక లోనికి పోవుచున్నదని గ్రహించి వెంటనే బాగుచేయింపవలెను.