తాళం వేస్తే చదువొస్తుందా?

కాలేజీల్లో కంప్యూటర్లు, ఫోన్ల వాడకంపై ఆంక్షలు పెట్టడం తేలిక. సరిగా వాడుకోవడం నేర్పడమే కష్టం

సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా హాస్టల్లో సెల్‌ఫోన్ వాడకూడదు. కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక ఎయిడెడ్ కాలేజీ 2019 జూన్‌లో అమ్మాయిల హాస్టల్‌కు పెట్టిన నిబంధన ఇది. ఫోన్ల ధ్యాసలో పడి పిల్లలు చదవడం లేదన్నది కాలేజీ వాదన. బీఏ ఇంగ్లిష్ చదువుతున్న ఓ విద్యార్థిని ఈ నిబంధనకు ఒప్పుకోలేదు. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. ఆమె హైకోర్టుకెక్కింది.

అదే ఏడాది సెప్టెంబర్ 19న జస్టిస్ పి.వి. ఆశా ఇచ్చిన తీర్పు దేశంలోని కాలేజీలన్నీ చదవదగ్గది. ఇంటర్నెట్‌ను అందుకునే హక్కు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత గోప్యతలోనూ భాగమేనని ఆమె స్పష్టం చేశారు. హాస్టల్లో ఉండేది చంటిపిల్లలు కాదు, ఎప్పుడు ఎలా చదువుకోవాలో తేల్చుకోగల వయోజనులన్నది తీర్పు సారాంశం. తోటివారికి ఇబ్బంది కలగకూడదన్న షరతు మాత్రం న్యాయమైనదే. విద్యార్థినిని తిరిగి చేర్చుకోక తప్పలేదు.

ఈ తాళాల బెడద చిన్న కాలేజీలకే పరిమితం కాదు. 2007లో ఐఐటీ బాంబే హాస్టల్ గదుల్లో రాత్రి 11 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12.30 దాకా ఇంటర్నెట్‌ను ఆపేసింది. రాత్రంతా గేములు, సినిమాలతో గడిపి విద్యార్థులు పొద్దుటి క్లాసులకు రావడం లేదని, పక్క గదివాడితో మాటలే కరువయ్యాయని అధికారుల ఆవేదన. సమస్య ఉత్తుత్తిది కాదు. కానీ స్విచ్చి కట్టేస్తే గేములాడేవాడితోపాటు ప్రోగ్రామ్ రాసుకునేవాడికీ చీకటే.

మరోవైపు చదువు నెట్‌లోకి మారుతూనే ఉంది. ఐఐటీల ప్రొఫెసర్ల పాఠాలను ఎన్‌పీటీఈఎల్ అందరి ముందూ పెట్టింది. 2017లో స్వయం వేదిక మొదలైంది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను దాని ద్వారానే పూర్తిచేసే వీలును యూజీసీ 2021లో కల్పించింది. ఒక చేత్తో ఆన్‌లైన్ కోర్సు ఇస్తూ, మరో చేత్తో ఫోన్ లాక్కుంటే ఎలా?

అసలు లోటు శిక్షణలో ఉంది. అధ్యాపకుల పునశ్చరణ తరగతుల కోసం యూజీసీ 1987లోనే అకడమిక్ స్టాఫ్ కాలేజీలకు శ్రీకారం చుట్టింది. అయినా 2020 మార్చిలో కోవిడ్‌తో కాలేజీలు మూతపడినప్పుడు ఎందరో మేస్టార్లు వీడియో క్లాసు చెప్పడం రాత్రికి రాత్రి నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పాల్సినవారికే నేర్పనప్పుడు ల్యాబ్ గోడ మీద నిబంధనల కాగితం అంటించి ఏం లాభం?

ఆ కాగితంలో ఉండనిదే ఎక్కువ. మోసపూరితంగా వేరొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. స్నేహితుడి లాగిన్‌తో ల్యాబ్‌లో ఆటలాడే కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పేదెవరు?

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చేరిన వారంలోనే రెండు గంటల పాఠం పెట్టి, ఆ తర్వాతే లాగిన్ ఇవ్వవచ్చు. ఎవరి లాగిన్ వారికే ఉండాలి. ఎవరు ఏం చూస్తున్నారో కాలేజీ నమోదు చేస్తుంటే ఆ మాట ముందే చెప్పాలి, ఆ వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో కూడా. రద్దీ వేళల్లో నెట్‌ను కట్టేసే బదులు సినిమా డౌన్‌లోడ్ల వేగం తగ్గిస్తే సరిపోతుంది. తప్పు చేశాడన్న విద్యార్థి తన వాదన వినిపించుకునే చోటుండాలి. నిబంధనలు రాసే కమిటీలో విద్యార్థులకూ కుర్చీ వేయాలి. అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి అన్న పద్ధతి అసలే పనికిరాదు.

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో చేరాక రాత్రి పదింటికి ఫోన్ తిరిగిచ్చే వార్డెన్ ఉండరు. ఎప్పుడు కట్టేయాలో తనకు తానే తెలుసుకోవడం కూడా చదువే. అది నేర్పాల్సిందీ కాలేజీయే.