నరానికి సూది: ఎంతవరకు నమ్మొచ్చు?

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి సంచి నిండా ఎక్స్‌రేలు, ఎమ్మారైలు చేరి ఉంటాయి. మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట పట్టుకుంటుంది. ఆ దశలో పెయిన్ క్లినిక్ డాక్టరు ‘నెర్వ్ బ్లాక్ (నరానికి మత్తుసూది) చేద్దాం’ అనగానే ఎవరైనా అడిగేది ఒకటే: దీంతో పూర్తిగా పోతుందా? ఆ ప్రశ్న దగ్గరే మనం పొరబడుతున్నామని నాకనిపిస్తుంది. ఈ సూదిని ముందు పరీక్షగా చూడాలి, ఆ తర్వాతే వైద్యంగా. నొప్పి పుట్టే చోటు ఏదో అది చాలాసార్లు చెప్పగలదు. దాన్ని శాశ్వతంగా తీసేయడం మాత్రం అరుదు.

వాడే మందు కొత్తదేమీ కాదు. పన్ను పీకేముందు చిగురుకి ఇచ్చే లిగ్నోకెయిన్ లాంటిదే. దాన్ని స్వీడన్‌లో 1943లో తయారుచేశారు. నరం వెంట కబురు సాగాలంటే నరం పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి రావాలి. మందు ఆ ద్వారాలను మూసేస్తుంది. దాని ప్రభావం కొన్ని గంటలే. ‘కొన్ని గంటల సుఖానికి ఇంత హంగామా ఎందుకు?’ అనడం సహజమే గానీ, ఆ గంటల్లోనే అసలు సమాచారం ఉంది. నొప్పే లేనివాళ్ల ఎమ్మారైలో కూడా డిస్క్ ఉబ్బినట్టు కనిపించడం మామూలు కాబట్టి బొమ్మను చూసి నేరం ఎవరిదో తేల్చలేం. నడుంనొప్పికి వెన్నుపూసల వెనకుండే చిన్న కీళ్లు కారణమని అనుమానం వస్తే, రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెరమీద చూస్తూ, ఆ కీలు కబురు మోసే నరం పక్కకు సన్నని సూదిని చేరుస్తారు. వేసే మందు అర మిల్లీలీటరుకు అటూఇటూ. ఎక్కువ వేస్తే పక్క నరాలకూ పాకి పరీక్ష చెడుతుంది. తర్వాతి పని రోగిది. రోజూ నొప్పి పుట్టించే పనులే, వంగడం, మెట్లెక్కడం, చేసి చూసి నొప్పికి పదికి ఎన్ని మార్కులో గంటగంటకూ రాసుకోవాలి. ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకుంటే సూది వృథా. నొప్పి బాగా తగ్గిందని తేలితే ఆ నరాన్ని రేడియో తరంగాల వేడితో కాల్చే చికిత్స గురించి ఆలోచించవచ్చు. మోకాళ్ల అరుగుదలకూ ఇదే పద్ధతి వాడుతున్నారు. కాల్చిన నరం నెలల తర్వాత మళ్లీ పెరుగుతుంది గనుక ఆ ఉపశమనమూ శాశ్వతం కాదు.

దీనికి గట్టి ఆక్షేపణలున్నాయి. సూది గుచ్చారన్న నమ్మకంతోనే కొందరికి నొప్పి తగ్గుతుంది. అందుకే వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్షించాలనే నిపుణులున్నారు. నెదర్లాండ్స్‌లో జరిగి 2017లో వెలువడిన పరిశోధనల్లో, వ్యాయామానికి నరం కాల్చడం జోడిస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఒక్క సూదితో సగం నొప్పి తగ్గినవాళ్లందరినీ చేర్చుకున్నారని, ఎంపికే వదులుగా ఉందని విమర్శకులన్నారు. ఆ మాటలో పస ఉంది. అయినా 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు, క్యాన్సర్‌తో సంబంధం లేని దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఇలాంటి సూదులు, నరం కాల్చడం వద్దని గట్టిగానే సిఫారసు చేశాయి. ఎంపిక బిగిస్తే ఫలితం మారుతుందని రుజువు చేయాల్సిన భారం ఇప్పుడు సూది వేసేవారిదే. ఆ రుజువు వచ్చేదాకా నెలనెలా అదే చోట సూది పొడిపించుకోవడానికి ఆధారం లేదు.

క్యాన్సర్ నొప్పి సంగతి వేరు. క్లోమ క్యాన్సర్‌లో పొట్ట వెనకుండే నరాల గుంపులోకి ఆల్కహాల్ ఎక్కించి నరాలను మొద్దుబారుస్తారు. 2004లో వెలువడిన అమెరికా అధ్యయనంలో నొప్పి తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. అలాంటి రోగికి నొప్పి తగ్గడమే పెద్ద మేలు.

మందులో స్టెరాయిడ్ కలిపితే మరో లెక్క. షుగరున్నవారికి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. షుగర్ లేని కుటుంబం వెతికినా దొరకని మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. వెన్ను ఎపిడ్యూరల్ ఖాళీలోకి ఇచ్చే స్టెరాయిడ్ వల్ల అరుదుగా పక్షవాతం, చూపుపోవడం లాంటివి రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2014లో హెచ్చరించింది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. ఏ నరానికి, ఏ మందు, ఎంత తగ్గితే పనిచేసినట్టు, తగ్గిన రోజుల్లో ఏ వ్యాయామం మొదలుపెట్టాలి అన్నవి సూదికి ముందే డాక్టరును అడగండి. ‘తగ్గకపోతే ఇంకో సూది వేద్దాం’ అన్నదొక్కటే జవాబైతే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.